కుట్టు బయటికి

భాగ్యశ్రీ కళ్ళు ఒక్కసారిగా పోలేదు. మొదట సూది బెజ్జం కనిపించడం మానేసింది. తర్వాత నల్ల బట్ట మీద నల్ల దారం. ఆ తర్వాత ఎదురుగా నిలబడ్డ మనిషి మొహం. షుగరు కంటి లోపలికి పోయిందని డాక్టర్లు చెప్పారు, సూదులు వేశారు, లేజరు పెట్టారు. చివరికి ఆమెకు మిగిలింది వాకిలి ఎటుందో తెలిసేపాటి వెలుతురు.

అయినా బాన్సువాడ బజారు సందులోని తన కుట్టు దుకాణాన్ని ఆమె వదల్లేదు. మిషన్ మీద గుడ్డ కప్పి చేతిపని పట్టుకుంది. బజారులో టైలర్లు జాకెట్లు కుట్టి, హుక్కులూ కాజాలూ అంచు మడతలూ ఇంటి దగ్గర ఉండే ఆడవాళ్ళకు ఇవ్వడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. అలా వచ్చే జాకెట్లు ఇప్పుడు భాగ్యశ్రీకీ వస్తున్నాయి. జాకెట్టు చిరిగినా ఆమె కుట్టిన హుక్కు ఊడదని పేరు. సూదికి దారం ఎక్కించడానికి సన్నటి తీగ ఉన్న రేకు బిళ్ళ ఒకటుంటుంది, దానితో చూడకుండానే ఎక్కించేస్తుంది. దారం రంగు మాత్రం జాకెట్లు తెచ్చినవాళ్ళే చూసి, వాటికి చుట్టి ఇచ్చిపోతారు.

చిక్కంతా మిగతా వస్తువులతోనే. హుక్కులు ఒక డబ్బాలో, గుండీలు ఇంకో డబ్బాలో, సూదులు బిస్కెట్ల డబ్బాలో ఉండేవి. చెయ్యి తగిలితే డబ్బా జారుతుంది, మూత పోతుంది, అన్నీ కలిసిపోతాయి. అప్పుడు ఆమె భర్త ఇమ్మానుయేలుకు ఫోను పోతుంది. ఎరువుల గోదాములో బస్తాల మధ్య ఉన్న మనిషి సైకిలెక్కి వచ్చి వెతికిపెట్టాలి.

ప్రేమల ఫాల్సు కుట్టించాల్సిన చీర పట్టుకుని ఆ రోజు వెళ్ళేసరికి ఆ వెతుకులాటే జరుగుతోంది.

"సన్న హుక్కులియ్యమంటె లావువి ఇచ్చినవ్," అంటోంది భాగ్యశ్రీ.

"హుక్కంటె హుక్కే గాదె?" అన్నాడు ఇమ్మానుయేలు, నేల మీద మోకాళ్ళపై కూర్చుని.

"అవు, పెండ్లామంటె పెండ్లామే అని పక్కింట్లకు పోతవా?"

ప్రేమల గుమ్మంలోనే నవ్వేసింది. ఆ నవ్వును బట్టి ఎవరో గుర్తుపట్టి భాగ్యశ్రీ చెయ్యి చాపింది.

"ప్రేమలా, రా. చూడు మీ అన్నను. పొద్దటి సంది రెండుసార్లు ఉరికొచ్చిండు. గోదాం సేటు ఇగ రేపట్నుంచి దుకాణంల్నే ఉండుమంటడు."

"సేటు నన్ను ఏమనడు గని, నీతోని తిట్లు తినుడే కష్టముంది," అని ఇమ్మానుయేలు లేచి ప్యాంటు దులుపుకుని వెళ్ళిపోయాడు.

సైకిలు చప్పుడు సందు దాటేదాకా భాగ్యశ్రీ చెవి పెట్టి వింది. తర్వాత గొంతు తగ్గించి అంది.

"కండ్లు పోయినందుకు నాకు బాధ లేదే. ఉన్నదని అనుకున్నా ఏం లాభం? గని గీ అడుక్కునుడున్నది చూడు, 'గది ఇయ్యి, గిది ఇయ్యి' అని, దాంతోని పానం పోతుంది. నా హుక్కు నాకు దొరకాలె. లేకుంటె షటర్ దించి ఇంట్ల కూసుంట. ఈ నెల చూస్త."

ఆమె మాట అంటే మాటే. ప్రేమలకు ఆ సంగతి తెలుసు. చీర అక్కడ పెట్టి ఇంటికి నడుస్తున్నంతసేపూ, జారే డబ్బాలూ వాటి కింద వెతికే వేళ్ళూ ఆమె కళ్ళ ముందు కదులుతూనే ఉన్నాయి.

ప్రేమల బాన్సువాడకు కోడలిగా వచ్చినప్పుడు డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. కూతురు సింధుజ పుట్టాక ఆ చదువు అక్కడికి ఆగినట్టేనని అందరూ అనుకున్నారు. అత్తగారు జుక్కల్ దగ్గరి పొలం వదిలి రాలేరు. భర్త దేవిదాస్‌కు కరెంటు సబ్‌స్టేషన్‌లో వేళాపాళా లేని డ్యూటీ. ఒక రోజు జాకెట్టు కొలత ఇవ్వడానికి వెళ్ళి ఆ దిగులు ఊరికే పైకి అంటే, భాగ్యశ్రీ టేపు మెడలో వేసుకుంటూ "గీడ పండవెట్టి పో," అంది. అప్పటికి వాళ్ళిద్దరికీ పెద్దగా పరిచయం కూడా లేదు. స్లాబు కొక్కేనికి పాత చీరతో ఉయ్యాల వేలాడింది. కాలు మిషన్ మీద, కొంగు చివర ఉయ్యాలకు కట్టి ఆమె సంవత్సరమంతా పిల్లను ఊపింది. ఆ చప్పుడుకు సింధుజ ఎంత అలవాటు పడిందంటే, చర్చికి పోయే ఆదివారాలు మిషన్ ఆగితే ఇంట్లో నిద్రపోక ఏడ్చేది. డిగ్రీ పాసయ్యాక ప్రేమల చీర పట్టుకుని వెళితే భాగ్యశ్రీ కసిరింది. "నా బిడ్డను నేను చూసుకుంటె నువ్వు కూలి ఇస్తవా?"

ఆ తర్వాత ఎన్నో పండుగలకు ఇచ్చిపుచ్చుకోవడాలు జరిగాయి. కానీ ఆ సంవత్సరానికి సరితూగేది ఇవ్వగలిగానని ప్రేమలకు ఎప్పుడూ అనిపించలేదు. అలా అనిపించనందుకు ఆమెకు బరువుగా కూడా ఉండేది కాదు. పొద్దున్నే వాకిట్లో నీళ్ళు చల్లుతున్నప్పుడో, దూరాన ఉంటున్న సింధుజ ఫోను పెట్టేసినప్పుడో ఆ ఉయ్యాల గుర్తొచ్చి కడుపు చల్లగా ఉండేది.

ఇప్పుడు మాత్రం ఏం చెయ్యాలో తెలిసింది. జారని డబ్బా కావాలి. అంటే సొరుగు.

చెక్కపని ఆమెకు కొత్త కాదు. వంటింట్లో అరలు చేయించినప్పుడు వచ్చిన పనివాడు మేకులు కొట్టి సొరుగులు బిగించాడు. ఉప్పూ పప్పూ నిండేసరికి వాటి మూలలు నోరు తెరిచాయి. ఇంకొకరిని పిలిచి చేయించుకోవడం ఇష్టం లేక, ఆన్‌లైన్‌లో పాకెట్ హోల్ జిగ్ అనే పరికరం తెప్పించుకుని తనే బాగుచేసుకుంది. అది అరచేతిలో పట్టేంత దిమ్మె, దానిలో ఏటవాలుగా ఒక దారి. దిమ్మెను చెక్కకు బిగించి ఆ దారిలోంచి డ్రిల్లు దింపితే చెక్క మీద చొక్కా జేబులాంటి వాలుగుంట పడుతుంది. ఆ గుంటలోంచి స్క్రూ వాలుగా పోయి పక్క చెక్కను పట్టి లాగుతుంది. రెండు చెక్కలూ వెంట్రుక దూరనంత దగ్గరవుతాయి. అలా ఒక చెప్పుల అర చేసింది, ఒక పుస్తకాల గూడు చేసింది. దేవిదాస్ అప్పటి నుంచి "ప్రేమల మేస్త్రీ, చాయ్ దొరుకుతదా?" అని అడగడం మొదలుపెట్టాడు.

భాగ్యశ్రీ కోసం పొడవాటి పెట్టె ఒకటి అనుకుంది. మిషన్ బల్ల మీద కూర్చునే పెట్టె, పక్కపక్కన ఒకే కొలతతో నాలుగు సొరుగులు. ఇంట్లో మిగిలింది పలచని ప్లైవుడ్. పేరుకు పన్నెండు మిల్లీమీటర్లది. స్కేలు పెడితే పదకొండు కూడా నిండలేదు. మందమైన చెక్క ఆ చిన్న సొరుగులకు మోటుగా ఉంటుంది, చోటూ తినేస్తుంది. ఇదే సరి అనుకుంది.

పలచని ప్లైవుడ్ మంచి మాటకు వినే రకం కాదని మొదటి ముక్కకే తెలిసింది. స్క్రూ వాలుగా దిగి పక్క చెక్కను దాటి, అవతలి వైపు సూదిమొనలా పొడుచుకొచ్చింది. రెండో ముక్కలో గుంట లోతెక్కువై, స్క్రూ తల చెక్క పొరలను నలిపి గిరగిరా తిరిగింది, పట్టు దొరకలేదు. ప్రేమల ఆ రెండు ముక్కలనూ పొయ్యిలోకి వెయ్యకుండా కిటికీలో పెట్టుకుంది, చూసుకుంటూ ఉండడానికి. హార్డ్‌వేర్ దుకాణానికి పోయి పొట్టి స్క్రూలు అడిగితే అక్కడి వాడు "గింత పొట్టియెందుకక్కా, బొమ్మరిల్లు కడుతున్నవా?" అన్నాడు. లోతు చూపే ఉంగరాన్ని డ్రిల్లు మీద కిందికి దించి బిగించింది. అంచులకు ఫెవికాల్ రాసింది. ఆఖరి చుట్లు మిషన్‌తో కాకుండా చేత్తో తిప్పింది, పూరీ పిండి గట్టిపడ్డదా లేదా అని వేలితో నొక్కి చూసినట్టు, చెక్క చాలంటున్న చోట ఆగుతూ. ఈసారి మొన బయటికి రాలేదు. మూల పట్టుకుని వంచబోతే వంగలేదు.

ఇక గుంటలు ఎటువైపు పెట్టాలన్నది మిగిలింది. సొరుగు ముందు పలకకు బయటివైపు గుంటలు పెట్టి, వాటి మీద ఇంకో పలక కప్పేస్తే ఎవరికీ కనిపించవు. కానీ కప్పడానికి చెక్క చాలదు. బయట పెట్టి వదిలేస్తే సొరుగు మొహం మీద మశూచి మచ్చల్లా ఉంటాయి. ప్రేమల ఆలోచించాల్సిన పనే లేకపోయింది. గుంటలన్నీ లోపలివైపు పెట్టింది. బయట సాండ్ పేపరు పట్టి, లక్కపూతలా మెరిసేదాకా పాలిష్ వేసింది. చిన్న గుండ్రటి పిడులు బిగించింది.

"షోరూంల పెట్టొచ్చు," అన్నాడు దేవిదాస్, నిజంగానే.

పెట్టె దుకాణానికి చేరిన రోజు భాగ్యశ్రీ రెండు చేతులతో దాని మొహం నిమిరింది, పిల్ల మొహం నిమిరినట్టు. "అగ బాయి!" అంది. మద్నూర్‌లో పుట్టిన మనిషి, సంతోషం వస్తే మరాఠీ వస్తుంది. "అద్దం లెక్క ఉన్నదే! నువ్వే చేసినవా? ఉత్తగనే అంటున్నవా?"

"నేనే అక్కా."

"నీ చేతులు సల్లగుండ."

హుక్కులూ సూదులూ ఒక సొరుగులో, గుండీలు ఒక దానిలో, కత్తెరా టేపూ ఒక దానిలో, దారాలు ఒక దానిలో సర్దారు. ప్రేమల ఇంటికి వచ్చి ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

రెండు రోజులు పోయాక చీర తెచ్చుకోవడానికి వెళితే షటర్ సగం దించి ఉంది.

"ఎవరు?"

"నేనే అక్కా."

"రా. తల వంచి రా, షటర్ తాకుతది."

లోపల భాగ్యశ్రీ ఒళ్ళో ఖాళీ చేతులు పెట్టుకుని కూర్చుంది. కుడి చూపుడువేలికి తెల్లటి కట్టు. పక్కనే స్టూలు మీద ఇమ్మానుయేలు.

"ఏమైంది?"

"ఏం లేదే. హుక్కొకటి నీ డ్రా మూలకున్న గుంతల పడ్డది. వేలు పెట్టి తీద్దామంటె చెక్క పేడు గోరు కింద దిగింది. ఆ వేలికి తిమ్మిరున్నది గద, నాకు తెల్వలే. తెలిసేసరికి జాకెట్టు మీద నెత్తురు."

"ఎవరి జాకెట్టు?"

"పెండ్లిపిల్లది. పట్టుది. సల్లనీళ్ళు పెట్టి కడిగితె మరక పోయిందట, దేవుని దయ. గని హన్మాండ్లు టైలర్ చూసిండు."

"ఏమన్నడు?"

"తిట్టినా మంచిగుండు. 'అక్కా, ఇగ రెస్టు తీసుకో' అన్నడు." ఆ మాట అనేటప్పుడు భాగ్యశ్రీ మొహం గోడ వైపు తిప్పుకుంది. చూపు లేని మనిషి మొహం తిప్పుకోవడం ప్రేమలను ఎక్కడో గట్టిగా తాకింది.

ఇమ్మానుయేలు నెమ్మదిగా అన్నాడు. "కోపానికి రాకు చెల్లె. షుగరున్న చెయ్యి. దవాఖానల డాక్టరు జర్ర ఆలస్యమైతె గోరు తీసెయ్యాల్సి వస్తుండె అన్నడు. డబ్బ తీసుకపో. ఆమెను ఇంట్ల కూసోనీ."

"వేలు మాననీ," అంది భాగ్యశ్రీ. "గా పొద్దు షటర్ తాళం నీ చేతులనే పెడత. పోరితోని ఏమనకు. ఆమె మంచిగనే చేసింది. మీద మీగడ లెక్క ఉండె."

ప్రేమల పెట్టెను ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చింది.

భోజనాల బల్ల మీద నాలుగు సొరుగులూ పెట్టుకుని చూస్తూ కూర్చుంది. తప్పు కళ్ళకు కనిపించలేదు. కళ్ళకు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. లోపల వేలు పెట్టి గుంట అంచు రాస్తే ప్లైవుడ్ పొరలు కోడి ఈకల్లా లేచి ఉన్నాయి.

"పుట్టీ పెట్టి మూసెయ్యరాదు?" అన్నాడు దేవిదాస్, తువ్వాలు భుజాన వేసుకుంటూ.

"సూదులు పొడుస్తయి, హుక్కులు గీకుతయి, కత్తెర తాకుతది. పుట్టీ ఎన్ని రోజులుంటది? అది రాలినంక మల్ల అదే గుంత."

"అయితె విప్పి తిప్పెయ్యి. లోపలిది బయటికి, బయటిది లోపలికి."

"ఫెవికాల్ పెట్టిన. విరుగుతది గని ఊడదు."

ఊరికే అన్నాడు కానీ, ఆ 'తిప్పెయ్యి' అన్నమాట ప్రేమల దగ్గర ఆగిపోయింది. ఎక్కడో విన్నట్టుంది. ఎక్కడో కాదు, ఆ దుకాణంలోనే.

సింధుజ నెలల పిల్లగా ఉన్నప్పుడు భాగ్యశ్రీ మెత్తటి మల్లు ముక్కతో ఒక జుబ్బా కుట్టి ఇచ్చింది. కుట్లన్నీ బయటికి ఉన్నాయి. దారాల కొసలు, మడతలు, అన్నీ పైకే. అప్పటికి ప్రేమల చిన్నపిల్ల, అయినా ప్రతిదీ సరిగ్గా ఉండాలనే గుణం అప్పుడే ఉండేది. "తిరగేసి కుట్టినట్టున్నరు అక్కా," అంది బిడియపడుతూ. భాగ్యశ్రీ పకపకా నవ్వింది. "తిరగేసి కాదే పిచ్చిపిల్లా. నీకు నాకు కుట్టేది చూసేటోళ్ళ కోసం. పసిపానానికి కుట్టు బయటికే ఉండాలె. లోపలుంటె తోలు ఒరుస్తది. చూసేటోళ్ళకేమైతది, చూసి ఊకుంటరు."

ప్రేమల సొరుగు బయటి వైపు చెయ్యి వేసింది. నున్నగా, చల్లగా, జారిపోతోంది. అక్కడ ఏ వేలూ వెతకదు. ఆ నునుపంతా చూసేవాళ్ళ కోసం. గరుకంతా వాడే మనిషికి వదిలేసింది.

కళ్ళు తుడుచుకుని లేచి చెప్పుల అర దగ్గరికి పోయింది. దానిలో పలచని ప్లైవుడ్ పలకలు రెండు బాగున్నాయి.

"ఓయ్, ఓయ్," అన్నాడు దేవిదాస్. "నా చెప్పులు?"

"నేల మీద ఉంటయి."

"రోడ్డు మీద పడేసినవ్ నా బతుకు," అంటూనే అతను వంగి అర చివర పట్టుకున్నాడు, ఆమె స్క్రూలు విప్పుతుండగా.

ఆ పలకలు కోసి నాలుగు సొరుగులూ కొత్తగా చేసింది, ఈసారి గుంటలన్నీ బయటి వైపు. ముందు పలకకు ఇటు రెండు, అటు రెండు. వెనక పలకకూ అంతే, అది ఎటూ గోడ వైపు ఉంటుంది. అవే పొట్టి స్క్రూలు, అదే లోతు, అదే జిగురు. మొహం మీద గుంటలు పడుతుంటే ప్రేమలకు బియ్యంలో రాళ్ళు చూస్తున్నట్టే ఉంది, కానీ చెయ్యి ఆపలేదు. లోపల అడుగు పలక మూలల్లోనూ వేలు పెట్టి, బుగ్గతో రాసి చూసింది. ఎక్కడా ఏదీ పట్టుకోలేదు. బయటి గుంటలకు సాండ్ పేపరు గొట్టంలా చుట్టి లోపలిదాకా తిప్పింది, పేడు అన్నది లేకుండా. పాలిష్ ఆరాక, దానికి కలిసే రంగు పుట్టీ డబ్బా ఒకటి కొంది. గుంటలు దుకాణంలో పెట్టెను సర్దాకే మూద్దామనుకుంది. ఆటోలో కుదుపుకు పచ్చి పుట్టీ రాలుతుందని.

భాగ్యశ్రీ వేలు మానింది. కట్టు విప్పిన రోజునే ప్రేమల పెట్టెతో వెళ్ళింది. ఇమ్మానుయేలు షటర్ తాళం జేబులో వేసుకుని, మిషన్‌కు తాడు చుడుతున్నాడు. పెట్టెను చూసి తాడు ఆపాడు.

"అక్కా, ఒక్కసారి చెయ్యి పెట్టి చూడు. నచ్చకుంటె నేనే ఇమ్మానుయేలన్నకు తాడు పట్టిస్త."

"మల్ల తెచ్చినవా?" భాగ్యశ్రీ గొంతులో అలసట ఉంది. అయినా చెయ్యి చాపింది. దెబ్బ తగిలిన వేలు కాకుండా మొదట ఎడమ చెయ్యి పెట్టింది. సొరుగు లోపల నాలుగు గోడలూ మెల్లగా తడిమింది. మూలల్లో ఆగింది. తర్వాత మానిన వేలే పెట్టింది. ఆమె పెదవులు కొంచెం విచ్చుకున్నాయి.

"గుంతలేవి?"

"లోపల లెవ్వు."

"యాడికి పోయినయి?"

ఆ ప్రశ్నకు ప్రేమల మొహం వేడెక్కింది. భాగ్యశ్రీ చెయ్యి అప్పటికే బయటి వైపుకు వచ్చి గుంట మీద నిలిచింది. లోపలికి వేలి కొస పెట్టి తిప్పింది. పక్కది దొరికింది. ఆ చివరివి దొరికాయి.

"బయటికి పెట్టినవా!"

"జుబ్బా కుట్లు యాదికొచ్చినయి అక్కా. సింధుజకు కుట్టినవ్ గద."

భాగ్యశ్రీ వేలు ఇంకోసారి గుంట చుట్టూ తిరిగింది. తర్వాత గట్టిగా నవ్వింది. చాలా రోజులకు విన్న నవ్వది. ఇమ్మానుయేలు కూడా తాడు కింద పెట్టేశాడు.

"అయ్యో, యాదికుంచుకున్నవా పిల్లా! అప్పుడు నువ్వు మొహం గింత వెట్టినవ్, నాకు కుట్టుడు రాదనుకున్నవ్."

"అనుకున్న," అంది ప్రేమల. "ఆగు, పుట్టీ తెచ్చిన. మూసేస్తె ఎవ్వలికి కనవడది."

"ఆగాగు." భాగ్యశ్రీ చెయ్యి గాలిలో లేచింది. "నాకొక్క ఫికరుండె. డ్రా తీసి ఒళ్ళె పెట్టుకుంట గద, మీ అన్న వచ్చి యాడ ఖాళీ ఉంటె ఆడ తోస్తడు. నాలుగు ఒక్క తీరుగనే ఉన్నయి. మొన్న గుండీలనుకుని కత్తెర మీద చెయ్యేసిన. అందుకని అన్నీ మూయకు. హుక్కుల దానికి ఒక్కటే ఉంచు. గుండీల దానికి రెండు. కత్తెర దానికి మూడు. దారాల దానికి నాలుగు ఉండనీ. నా వేలు లెక్కవెట్టుకుంటది."

ప్రేమల చేతిలోని పుట్టీ డబ్బా వైపు చూసింది. సొరుగుల మొహాల వైపు చూసింది. ఒక దానికి ఒక్క గుంట, అదీ ఓ మూలకు. ఇంకో దానికి మూడు, ఎడమకు రెండూ కుడికి ఒకటీ. ఎవరైనా వచ్చి చూస్తే పని సగంలో వదిలేసిందనుకుంటారు. చూసేవాళ్ళకేమైతది, అనుకుంది. డబ్బా మూత తీసింది.

మొదటి సొరుగుకు మూడు గుంటలు మూసి ఒకటి ఉంచింది. రెండో దానికి రెండు, మూడో దానికి ఒకటి. నాలుగోది ముట్టుకోలేదు. పుట్టీ నున్నగా దిద్ది, గుడ్డతో చుట్టూ తుడిచింది. వస్తువులన్నీ భాగ్యశ్రీయే సర్దుకుంది, ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. చివరికి పెట్టెను గోడ వైపు జరపబోతే వెనక అంచు ప్రేమల బొటనవేలికి చురుక్కుమని దిగింది. ఎవరూ తాకరు కదా అని అక్కడ సాండ్ పేపరు పట్టలేదు.

"స్స్..."

"ఏమైంది?"

"ఏం లేదు. పేడు."

"ఇటు తే."

"పోనీ అక్కా, ఇంటికి పోయి..."

"తే అంటుంటె!"

ఇమ్మానుయేలు సూది కోసం లేవబోయాడు. భాగ్యశ్రీ అటు చెయ్యి చూపించి కూర్చోమంది. ఆమె వేళ్ళు పెట్టె మొహం మీద నడిచాయి. నాలుగు గుంటల దగ్గర ఆగలేదు, మూడింటి దగ్గర ఆగలేదు. ఇంకా ఆరని పుట్టీ మీద ఒకసారి పడి అచ్చు దిగింది కూడా. ఒక్క గుంట దొరికిన చోట నిలిచి, పిడి పట్టి లాగింది. సూదుల డబ్బీ మూత తీసి ఒకటి రెండు సూదులు వేళ్ళతో నలిపి చూసి, సన్న సూది తీసుకుంది.

ప్రేమల బొటనవేలును తన బొటనవేలితో మెల్లగా తడిమింది, చివర పొడుచుకున్న కొస తగిలేదాకా. తర్వాత సూదిమొన దాని పక్కన పెట్టింది. ప్రేమల చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఎక్కడ నొప్పో తనకు సరిగ్గా తెలియడం లేదు, కానీ ఆ వేళ్ళకు తెలుస్తోంది.

"ఝాలా," అంది భాగ్యశ్రీ. అయిపోయిందన్నమాట. గోరు మీద ఈనెపుల్ల మొనంత పేడు చూపించింది, చూపించడానికి కాదు, తీసేశానని చెప్పడానికి.

తర్వాత భర్త వైపు తిరిగింది. "నువ్వింక గీడ్నే కూసున్నవా? సేటు ఫోను చేస్తడు, పో. పోంగ హన్మాండ్లు దగ్గర ఆగి చెప్పు. జాకెట్లుంటె పంపుమను. రెస్టు అయిపోయింది."

ఇమ్మానుయేలు జేబులోంచి షటర్ తాళం తీసి మిషన్ బల్ల మీద పెట్టాడు. ఆ చప్పుడు విని ఆమె చెయ్యి చాపి దాన్ని తీసుకుంది.

సైకిలు వెళ్ళిపోయాక ప్రేమల సొరుగు మీది వేలి అచ్చును చూసింది. పుట్టీ ఇంకా మెత్తగానే ఉంది, గుడ్డతో ఒక్కసారి రాస్తే పోతుంది. గుడ్డను మడిచి సంచిలో పెట్టుకుంది.

"చాయ్ తాగి పో," అంది భాగ్యశ్రీ, సూదికి దారం ఎక్కిస్తూ. "సింధుజ ఎప్పుడొస్తుంది?"